రిజర్వాయరు చుట్టూ నడుద్దామంటే ఇంట్లో తలో దారీ పట్టారు

విజయనగరం దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఇంట్లో అత్తగారు, మామగారు, భర్త, పన్నెండేళ్ల కూతురు, అయిదేళ్ల కొడుకు ఉన్నారు. ఏటా కార్తీకమాసంలో విశాఖపట్నం నుంచి వదినగారి కుటుంబం వస్తే, అందరూ కలిసి ఊరి మామిడితోపులో వనభోజనం చేయడం అలవాటు. నిరుడు భర్త మార్పు కావాలన్నారు. ఆఫీసులో ఎవరో కొండల మధ్య సరస్సు చుట్టూ నడిచొచ్చిన ఫొటోలు చూపించారట. "మనకు తాటిపూడి ఉందిగా! రిజర్వాయరు చుట్టూ ఒక రౌండ్ కొట్టి, వచ్చి భోంచేద్దాం" అన్నారు.

తెల్లవారుజామునే లేచి పదిమందికి పులిహోర, గారెలు, పెరుగన్నం సిద్ధం చేసి, కారెక్కి, అక్కడికి చేరి నడక మొదలుపెట్టేసరికి పదకొండు కావస్తోంది. చుట్టూ తిరిగి రావడానికి తీరైన బాట లేదు. కొంతదూరం మట్టిరోడ్డు, తర్వాత మేకలు కాసేవాళ్లు నడిచే కాలిదారి. "అదిగో ఆ మలుపు దాకానే" అంటూ భర్త, అన్నయ్యగారు ముందుకెళ్లిపోయారు. గంటన్నర గడిచేసరికి పిల్లాడు కదలనని మొరాయించాడు. ఒక చిన్న దిగుడు దగ్గర అత్తగారికి మోకాలు పట్టేసి బండరాయి మీద కూలబడ్డారు. చేతిలో ఒక్కటే నీళ్ల సీసా. ముందు వెళ్లినవాళ్లకు ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. అందరూ మళ్లీ కారు దగ్గర కలిసేటప్పటికి మధ్యాహ్నం మూడు. గారెలకు చీమలు పట్టాయి. "ఈ కొండల గోల ఎవరడిగారు?" అని వదినగారు అన్న మాట ఏ పాపమూ ఎరగని ఈ సోదరికే తగిలింది.

ఈ ఏడు మళ్లీ కార్తీకం వచ్చింది. తోపులో అయితేనే వస్తానని అత్తగారు పట్టుబట్టారు. "నేనూ బావగారూ బాబుని తీసుకుని వెళ్లొస్తాం, మీరు వంట చూసుకోండి" అని భర్త తేల్చేశారు. కూతురు అసలు రానంటోంది, కారణం చెప్పదు. "అందరి మధ్యా నలిగిపోతున్నాను, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?" అని అడిగారు. సంతకం పెట్టాక కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి: "చిన్నప్పుడు సాలూరు వైపు మా ఊళ్లో కొండెక్కి సీతాఫలాలు కోసుకొచ్చేదాన్ని. నడవడమంటే నాకు ప్రాణం, ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు."

అమ్మా, ఆ చివరి రెండు వాక్యాలు ఉత్తరం మొదట్లో ఉండాల్సింది. అత్తగారికి ఏం కావాలో, ఆయనకు ఏం కావాలో, వదినగారు ఏమన్నారో పేజీలకు పేజీలు రాశారు. మీకేం కావాలో చోటు మిగిలితే రాసినట్టు రాశారు. ఇంట్లోనూ ఇలాగే జరుగుతోందని నా అనుమానం. నడవడం ఇష్టమైన మనిషి నిరుడు ఎంతసేపు నడిచారు? పిల్లాడిని చంకనెత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, సంచి మోసుకుంటూ వెనక్కి వచ్చారు. ఈ ఏడు ఆయన ప్లాన్ ప్రకారమైతే ఆ కాస్త కూడా లేదు. కాబట్టి ఎవరి మాట వినాలన్న ప్రశ్నలో మీ పేరు కూడా చేర్చి, అప్పుడు ఆలోచిద్దాం.

ముందు నిరుటి సంగతి. మీ ఇంట్లో ఆ రోజును ఒకరు అత్తగారి మోకాలి మీదికి, ఒకరు పిల్లాడి మొండితనం మీదికి నెట్టేసినట్టున్నారు. ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు కనిపించింది వేరు. పదకొండింటికి ఎండలో మొదలుపెట్టారు. ఎంతదూరమో, ఎంతసేపో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టూ తిరిగి రావాలన్న పట్టుదల. చుట్టి వచ్చే దారిలో ఒక చిక్కుంది. సగం దారిలో ఎవరికైనా కాలు నొప్పి పెడితే వెనక్కి రావడమూ అంతే దూరం, ముందుకు పోవడమూ అంతే దూరం. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు వెళ్లిన దారినే వెనక్కి రావడం మేలు. ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచి వెనుదిరగవచ్చు. తెలిసిన దారి, తెలిసిన నీడ, ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. మీ ఆయన చూసిన ఫొటోల్లోని సరస్సుకు కట్టిన బాట, దారి చూపే బోర్డులు ఉండి ఉంటాయి. తాటిపూడి గోస్తని నది మీద సాగునీటికీ తాగునీటికీ 1960లలో కట్టిన రిజర్వాయరు. కొండలు కొన్నిచోట్ల నేరుగా నీళ్లలోకి దిగుతాయి. దాన్ని చుట్టి తీరాలని ఎవరూ రూలు పెట్టలేదు.

నడక వేగం గురించి కొండలెక్కేవాళ్ల దగ్గర ఒక పాత లెక్క ఉంది. 1892లో విలియం నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పాడు: చదునులో గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. అది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. మీ ఆయన మనసులో ఉన్నదీ అదే. అయిదేళ్ల పిల్లాడు గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అందులోనూ రాళ్లు ఏరడం, చీమలబారు చూడడం, నీళ్లలోకి గులకరాయి విసరడం ఉంటాయి. వాడి దృష్టిలో నడకంటే అదే, మలుపు అవతల ఏముందో వాడికి అక్కర్లేదు.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. దేనికి దాని ఖర్చు ఉంది, అది కూడా చెబుతాను.

రెండు రోజులుగా విడదీయడం ఒక మార్గం. వనభోజనం తోపులోనే, అత్తగారు కోరినట్టు, ఉసిరిచెట్టు కింద, వదినగారి కుటుంబంతో. తాటిపూడి నడక ఇంకో రోజు మీ నలుగురే, తెల్లవారగానే. ఇందులో గొడవ తక్కువ. కార్తీక ఆదివారాల రద్దీ నుంచి కూడా తప్పించుకుంటారు. కానీ "మమ్మల్ని వదిలేసి వెళ్లారు" అన్న మాట రావచ్చు. ముఖ్యంగా మామగారి నుంచి. ఆయన గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది, నిరుడు "ఏమీ అనలేదు" అని. ఏమీ అననివాళ్లకు ఏమీ కావాలని లేదనుకోకండి, అడిగి చూడండి. ఇంకో సంగతి, రెండో రోజు వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి ఎగిరిపోయే అవకాశం చాలా ఉంది. తోపులో భోజనం అయిపోగానే ఇంట్లో అందరికీ పని పూర్తయినట్టు అనిపిస్తుంది. ఈ దారి పట్టేట్టయితే నడక తేదీ ముందు పెట్టుకోండి, వనభోజనం తర్వాత.

రెండోది, ఒకే రోజు ఒకే చోట, కానీ అందరూ నడవక్కర్లేదు. రిజర్వాయరు దగ్గర కారు వెళ్లేంత వరకూ వెళ్లి, నీడలో చాపలు పరిచి, అదే మకాం అనుకోండి. అత్తగారు అక్కడే ఉంటారు. ఆవిడకు కొండ కనపడుతుంది, ఎక్కే పని లేదు. మిగతావాళ్లు రెండు జట్లు. పొద్దున్నే ఒక జట్టు గంటన్నర వెళ్లి వస్తుంది, వచ్చాక రెండో జట్టు. నాకు మొగ్గు ఇటే. అయితే ఇది నిలబడాలంటే ఒక షరతుంది: మొదటి జట్టులో మీరుండాలి. మీ ఆయన తల్లి దగ్గర కూర్చుని, కొడుకును ఆడిస్తూ, భోజనం సంచులకు కాపలా ఉండాలి. మీరు రెండో జట్టులో ఉంటానని ఒప్పుకున్నారో, ఇక కదలరు. గారెలు వేడి చేయాలనో, బాబుకు నిద్రొస్తోందనో ఏదో ఒకటి వస్తుంది, మీరే ఉండిపోతారు. నాకు మీరు తెలియదు, కానీ ఇలాంటి వనభోజనాలు చాలా తెలుసు.

ఆయన చెప్పిన ప్లాను మూడోది. మగవాళ్లిద్దరూ పిల్లాడిని తీసుకుని వెళ్లడం. వద్దని నేననను, తండ్రీకొడుకులు కలిసి నడిస్తే మంచిదే. కానీ నిరుడు వెనక ఎవరున్నారో చూడకుండా వెళ్లినవాళ్లు వీళ్లే. పక్కన నీళ్లు, చేతిలో అయిదేళ్ల పిల్లాడు. ఒప్పుకుంటే ఆ ఒక్క విషయంలో మాట తీసుకోండి: పిల్లాడు ఎప్పుడూ ఇద్దరిలో ఒకరి చేతికి అందేంత దూరంలో ఉండాలి. ఇంకో నష్టం కూడా ఉంది. కొండ మగపిల్లాడికి, వంట ఆడపిల్లకు అని మీ అమ్మాయి ఆ రోజు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటుంది.

కొండ, నడక ఏవీ వద్దు, అందరూ కలిసి ఉంటే చాలనుకుంటే శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చలికాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. జనం వాటిని సైబీరియా పక్షులంటారు. ఎక్కేదీ దిగేదీ లేదు, అత్తగారికి హాయి. మీ వైపు నుంచి కారులో రెండు గంటల పైనే. వంశధార ఒడ్డున శాలిహుండం కూడా బాగుంటుంది. కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద నది. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన చోటు. కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అక్కడి చడావు నేను చెప్పను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ మోకాలి మీద బరువంతా పడేది దిగేటప్పుడే. నిరుడు అత్తగారు కూలబడింది కూడా దిగుడు దగ్గరే అని మీరే రాశారు. ఆవిడ మీకు కావాలని అడ్డుపడలేదు.

మీ అమ్మాయి సంగతి వేరుగా చెప్పాలి. పన్నెండేళ్ల పిల్ల కారణం చెప్పకుండా రానంటే, ఫోన్ పిచ్చి అని కొట్టిపారేయకండి. ఎవరూ లేనప్పుడు ఒక మాట అడగండి: నిరుడు అక్కడ బాత్రూమ్‌కి ఇబ్బంది పడిందా అని. బయటికి వెళ్లిన రోజున ఆడపిల్లలు చాలామంది నీళ్లు తాగడమే మానేస్తారు, ఎక్కడికి వెళ్లాలో తెలియక. ఆ వయసులో నెలసరి భయం కూడా ఉండొచ్చు. అదే కారణమైతే పరిష్కారం చిన్నది. గంట్యాడలోనో, దారిలో పెట్రోలు బంకులోనో ఆగడం, సంచిలో ఒక పాత చీర, ప్యాడ్లు పెట్టుకోవడం, "అమ్మ నాతోనే నడుస్తుంది" అన్న భరోసా. నిజానికి మొదటి జట్టు మీరిద్దరే అయినా సరిపోతుంది. గడియారం ఆ పిల్ల చేతికే ఇవ్వండి, వెనక్కి తిరిగే సమయం చెప్పే పని తనదే. అది కారణం కాదని తేలితే బలవంతం చేయకండి, మామగారితో మకాం దగ్గరే ఉంటానన్నా ఉండనివ్వండి.

ఆ సమయం మాట కొంచెం గట్టిగా పట్టుకోండి. "ఆ మలుపు దాకా" అనుకుంటే మలుపు తర్వాత ఇంకో మలుపు ఉంటుంది. "పావుతక్కువ ఎనిమిదికి ఎక్కడున్నా వెనక్కి" అనుకుంటే వాదన ఉండదు. ఏడింటికల్లా నడక మొదలుపెట్టగలిగితే చాలు, అందుకు వంట తగ్గించాలి. పులిహోర, పెరుగన్నం చాలు, గారెలు వదినగారు తెస్తారు. అవును, అడగండి. నడిచేవాళ్ల చేతిలో భీమాలి మామిడి తాండ్ర ముక్కలు, గుప్పెడు పలాస జీడిపప్పు ఉంటే పిల్లలు మొరాయించరు. పెద్దవాళ్లకు గంటకు అర లీటరు నీళ్ల లెక్క వేసుకోండి. నవంబరులో అయిదుంబావు దాటితే పొద్దు వాలిపోతుంది. పడమట కొండలు ఉన్నాయి కాబట్టి అక్కడ నీడ ఇంకా ముందే కమ్ముతుంది. రెండో జట్టు ఎంత ఆలస్యమైనా పదకొండుకల్లా తిరిగి రావాలి.

నీళ్ల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి. ఒడ్డు గట్టిగా కనబడుతుంది, అడుగు వేస్తే బురదలో దిగబడుతుంది. వానల తర్వాత రిజర్వాయరు నిండుగా ఉంటుంది, లోతు ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు. పిల్లలను కాళ్లు కడుక్కోవడానికి కూడా దింపవద్దు. పడవ తిప్పుతుంటే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు. గట్టు మీదికి వెళ్లొద్దని సిబ్బంది అంటే ఆయన వాదనకు దిగకుండా చూడండి. తిన్నాక గిన్నెలు ఆ నీళ్లలో కడగకండి. విశాఖపట్నానికి తాగునీరు వెళ్లేది అక్కడి నుంచి కూడా. వదినగారికి ఈ ముక్క చెబితే గిన్నెల కాపలా ఆవిడే చూసుకుంటారు. అడ్డాకుల విస్తళ్లయితే కడిగే బాధే ఉండదు.

పొయ్యి పెట్టేముందు తలెత్తి కొమ్మలు చూడండి. పెద్ద తేనెపట్టు ఉందంటే ఆ చెట్టు కింద పొగ పెట్టడం కాదు, కూర్చోవడమే వద్దు. వనభోజనాల్లో తేనెటీగలు లేచి జనాన్ని తరిమిన సంగతులు ఏటా వింటూనే ఉన్నాం. కాలిదారిలో గడ్డి మోకాలి ఎత్తున ఉంటుంది, అందరికీ నిండు ప్యాంట్లు, సాక్సు, బూట్లు ఉండాలి. ముందు నడిచే పెద్దవాళ్ల చేతిలో కర్ర ఉండాలి. పాము కరిస్తే కోయడాలు, తాడు బిగించడాలు ఏమీ చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ ఎక్కడి దాకా ఉందో వెళ్లేటప్పుడే చూసుకోవాలి. పొదల్లో కంటికి ఆనని చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది, వానాకాలం వెళ్లాక ఇది ఎక్కువ. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా చాప వేసుకుని, ఇంటికొచ్చాక బట్టలు మార్చి స్నానం చేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో నల్లటి చెక్కులాంటి మచ్చ ఉందేమో చూసి, కొండకు వెళ్లామని డాక్టరుకు చెప్పండి. తొందరగా పట్టుకుంటే డాక్టరు ఇచ్చే మామూలు యాంటీబయాటిక్ మందులకే తగ్గిపోతుంది. ఇవన్నీ చదివి భయపడి మానేయకండి. సాలూరు కొండల్లో పెరిగిన మీకు ఇందులో సగం నాకన్నా బాగా తెలుసు.

మీ ఆయనతో ఎలా చెప్పాలన్నది మిగిలింది. అందరి ముందూ, భోజనాల దగ్గర చెప్పకండి. అక్కడ నిరుటి లెక్కలన్నీ బయటికొస్తాయి. ఇద్దరే ఉన్నప్పుడు "నిరుడు మీరు నన్ను వదిలేసి వెళ్లారు" అని మొదలుపెడితే ఆయన తన తప్పు లేదని నిరూపించే పనిలో పడతారు. సీతాఫలాల సంగతి చెప్పండి. ఏ కొండ, ఎవరితో వెళ్లేవారు, బుట్ట ఎలా దించేవారు, అన్నీ. చెప్పి, "ఈసారి నాకు గంటన్నర కావాలి, ఆ సమయం అత్తయ్యగారిని, బాబుని మీరు చూసుకోవాలి" అని నేరుగా అడగండి. సరేనంటే బాగుంది. "నువ్వా? కొండా?" అని నవ్వినా కంగారు పడకండి, పెళ్లయి పన్నెండేళ్లు దాటినా వినని మాట కదా. ససేమిరా అన్నారనుకోండి, మొదటి మార్గం ఉంది. తోపులో భోజనం తోపులోనే కానిచ్చి, నడక మీరూ మీ అమ్మాయీ, తోడు వచ్చే ఒకరిద్దరు ఆడవాళ్లతో వేరే రోజు పెట్టుకోండి. ఒంటరిగా మాత్రం వద్దు.

అత్తగారికి మీరే చెప్పండి, ఆయన చేత చెప్పించవద్దు. "మిమ్మల్ని కొండ ఎక్కించం, కారు దిగి పది అడుగుల్లో చాప వేస్తాం, ఉసిరిచెట్టు దొరక్కపోతే ఇంటి నుంచి ఉసిరికొమ్మ పట్టుకెళదాం" అని. ఆవిడకు కావలసింది తోపు కాదేమో, నిరుటిలా నలుగురిలో భారమవకుండా ఉండడమేమో. అయినా తోపే కావాలంటే ఆవిడ మాట నెగ్గనివ్వండి. ఏడాదికి ఒక్క భోజనం కోసం ఆ వయసులో ఆవిడతో వాదించి సాధించేది లేదు.

వెళ్లే ముందు రోజు సాయంత్రం వాతావరణ హెచ్చరికలు చూడండి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, మన వైపువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అల్పపీడనం అన్న మాట వినబడితే నడక మానేయండి. వాన వెలిసిన మర్నాడు కూడా ఆ కాలిదారి జారుతుంది. ఈ కార్తీకంలో కుదరకపోతే సంక్రాంతి వెళ్లాక జనవరి చివర, ఫిబ్రవరిలో పెట్టుకోవచ్చు, వనభోజనాల జనం ఉండరు, నేల ఆరి ఉంటుంది. అప్పుడు పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది కాబట్టి ఇంటి దగ్గర ఏడున్నర దాకా ఆగి బయల్దేరండి.